క్యాన్సర్ నిధి కోసం పరుగు – టెర్రీ ఫాక్స్ జీవితం నుంచి ఒక ఆరోగ్య పాఠం



ఇటీవలి సంవత్సరాల్లో హైదరాబాదు, విశాఖపట్నం వంటి నగరాల్లో మారథాన్ పరుగులు మామూలైపోయాయి. మన సంఘాల్లోని యువతీయువకులు కూడా కొందరు వాటిలో పాల్గొంటున్నారు. ఛాతీ మీద నంబరు కాగితం పెట్టుకొని, "క్యాన్సర్ రోగుల సహాయార్థం" అని అచ్చువేసిన బనియను తొడుక్కొని దిగిన ఫోటో ఇంట్లో చూపిస్తే పెద్దవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు: "ఇవ్వదలచుకున్న డబ్బేదో చేతికిస్తే సరిపోదా? దానికోసం ఒళ్లు హూనం చేసుకోవడం ఎందుకు?"

ప్రశ్న న్యాయమైనదే. పరుగెత్తినంత మాత్రాన ఏ రోగికీ గడ్డ కరగదు. మరి ఆ పరుగుకూ, రోగి మంచానికీ ఉన్న సంబంధం ఏమిటి? దీనికి జవాబు కావాలంటే ఈ పద్ధతికి ప్రపంచమంతటా పేరు తెచ్చిన ఒక కుర్రవాడి సంగతి తెలుసుకోవాలి. అతని పేరు టెర్రీ ఫాక్స్, దేశం కెనడా. యువజన కూడికల్లో కలిసి చదివి మాట్లాడుకోవడానికి వీలుగా ఈ పాఠాన్ని సిద్ధం చేశాము. మధ్య మధ్య ఆగి, వైద్యులుగా మేము చెప్పవలసినవి కూడా చెబుతాము.

మోకాలి నొప్పితో మొదలు

టెర్రీ 1958 జూలై 28న విన్నిపెగ్ నగరంలో పుట్టాడు. పెరిగింది మాత్రం పడమటి తీరాన, బ్రిటిష్ కొలంబియాలోని పోర్ట్ కోక్విట్లం అనే ఊళ్లో. ఆటలంటే ప్రాణం. పొట్టివాడివి, నీకు బాస్కెట్‌బాల్ ఎందుకన్నా వినకుండా రోజూ సాధన చేసి బడి జట్టులో చోటు సంపాదించుకున్నాడు. తర్వాత సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో చేరి అక్కడి జూనియర్ జట్టులోనూ ఆడాడు.

1976 నవంబరులో అతడు నడుపుతున్న కారు ప్రమాదానికి గురైంది. కారు నుజ్జయింది గాని, టెర్రీకి కుడి మోకాలు నొప్పి తప్ప పెద్ద దెబ్బేమీ తగల్లేదు. ఆ నొప్పి తగ్గినట్టే తగ్గి డిసెంబరులో మళ్లీ వచ్చింది. కారు గుద్దుకున్నప్పుడు తగిలిన దెబ్బే అనుకొని, ఆటల సీజను ముగిసేదాకా ఎవరికీ చెప్పకుండా ఓర్చుకున్నాడు. 1977 మార్చి నాటికి ఇక భరించలేక ఆసుపత్రికి వెళితే తెలిసిన సంగతి: ఆస్టియోసార్కోమా. అంటే ఎముకలో పుట్టే క్యాన్సర్. కొద్ది రోజుల్లోనే కుడి కాలిని మోకాలికి పైన తీసేశారు. అప్పటికి అతనికి 18 ఏళ్లు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఈ జబ్బు అరుదైనదే. కాని ఎక్కువగా వచ్చేది పిల్లలు గబగబా ఎదిగే వయసులో, అంటే 10 ఏళ్ల నుంచి 20 ఏళ్ల లోపు. ఎక్కువగా వచ్చే చోటు మోకాలి చుట్టుపక్కల, అంటే తొడ ఎముక కింది కొన, లేదా కాలి ఎముక పై కొన. ఈ పిల్లల తల్లిదండ్రులు చెప్పే మాట దాదాపు ఒకటే: "ఆడుకుంటూ పడ్డాడండీ, అప్పటి నుంచీ నొప్పి." పడటం వల్ల క్యాన్సర్ రాదు. ఎముక అప్పటికే లోపల బలహీనపడి ఉంటుంది. పడినప్పుడు మన దృష్టి అటు వెళుతుంది, అంతే. దెబ్బ తగిలిన నొప్పి రోజురోజుకూ తగ్గాలి. తగ్గకుండా రెండు మూడు వారాలు దాటితే, రాత్రిపూట నిద్రలో లేపేస్తుంటే, మోకాలి పైనో కిందనో వాపు గట్టిగా తగులుతుంటే ఎక్స్‌రే తీయించాలి.

మన పల్లెల్లో అలా జరగదు. ముందు వేడి కాపడం పెడతారు, తర్వాత నూనె మర్దనా, ఆ పైన నాటు కట్టు. ఒక కట్టు విప్పి ఇంకో కట్టు కట్టేసరికి రెండు నెలలు గడిచిపోతాయి. గడ్డ ఉన్న ఎముకను పిసకడం మంచిది కాదు. కట్టు కట్టించాలనే పట్టుదల ఉంటే దాన్ని మేము ఇప్పుడే కాదనము. ముందు ఎక్స్‌రే తీయించండి, కట్టు సంగతి తర్వాత చూద్దాం.

నూటికి పదిహేను, నూటికి యాభై

కాలు తీసేశాక టెర్రీకి 16 నెలలపాటు కీమోథెరపీ ఇచ్చారు. జుట్టు ఊడింది, వాంతులయ్యాయి. కాని అతణ్ణి మార్చింది తన బాధ కాదు, ఆ వార్డులో చూసిన ఇతరుల బాధ. తనకన్నా చిన్నపిల్లలు బాధతో ఏడవడం విన్నాడు, పక్క మంచాలు ఖాళీ కావడం చూశాడు. ఇంకొక సంగతి కూడా తెలిసింది. అతను బతికే అవకాశం నూటికి యాభై అని డాక్టర్లు చెప్పారు. ఇదే జబ్బు రెండేళ్ల ముందు వచ్చి ఉంటే నూటికి పదిహేనే అని కూడా చెప్పారు.

రెండేళ్లలో పదిహేను యాభై ఎలా అయింది? శస్త్రచికిత్సలో కొత్త నైపుణ్యం వచ్చి కాదు. కాలు తీసివేయడం ఎప్పటి నుంచో ఉన్నదే. కాని కాలు తీసేసరికే కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు రక్తం వెంట ఊపిరితిత్తులకు చేరి ఉండేవి. అందుకే ఆపరేషన్ బాగా జరిగిన పిల్లలు కూడా ఏడాది, రెండేళ్లలో చనిపోయేవారు. 1970ల మొదట్లో అడ్రియామైసిన్, పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్ అనే మందులు ఆ దాగిన కణాలను చంపగలవని పరిశోధకులు కనుగొన్నారు.

మెథోట్రెక్సేట్ పేరు వినగానే తెలుగువారమైన మనం కొంచెం నిటారుగా కూర్చోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి. క్యాన్సర్ కణాలు అదుపు లేకుండా పుడుతుంటాయి గనుక వాటికి అది మరీ ఎక్కువ కావాలి. మరి ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉండి, దాని పని మాత్రం చేయని పదార్థాన్ని ఇస్తే? కణం దాన్ని నిజమైనదే అనుకొని తీసుకుంటుంది, ఎదుగుదల ఆగిపోతుంది. ఈ ఆలోచనతోనే అమినోప్టెరిన్, దాని తర్వాత మెథోట్రెక్సేట్ తయారయ్యాయి. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా అణగిందని 1948లో ప్రకటించారు. పిల్లల క్యాన్సర్‌కు మందు ఉందని లోకం నమ్మడం అక్కడే మొదలైంది. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో కన్నుమూశారు. ఆ మందు వంశంలోనిదే పాతికేళ్ల తర్వాత ఎముక క్యాన్సర్ పిల్లల్నీ కాపాడుతుందని ఆయనకు తెలియదు.

ఎముక క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్ ఇచ్చే పద్ధతి కూడా విచిత్రమైనది. మనిషి తట్టుకోలేనంత మోతాదు ఎక్కించి, కొన్ని గంటల తర్వాత దానికి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇస్తారు. విరుగుడు ఆలస్యమైతే మందే ప్రాణం తీస్తుంది. అందుకే ఈ చికిత్స అలవాటున్న పెద్ద ఆసుపత్రుల్లోనే జరగాలి.

మా దృష్టిలో ఇంకా ముఖ్యమైన సంగతి ఇది. సుబ్బారావు గారు 1920లలో అమెరికా వెళ్లడానికి సొంత డబ్బు లేదు. మామగారి వైపు నుంచి కొంత వచ్చింది, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ కూడా అండగా నిలిచింది. ఆ ధర్మనిధి పెట్టిన వారు మెథోట్రెక్సేట్ పేరు విని ఉండరు. చదువుకునే కుర్రవాడికి దారి చూపారు, అంతే. పరిశోధనకు ఇచ్చే డబ్బు ఇలాగే ఉంటుంది. ఇచ్చిన చేతికి ఫలితం కనబడదు. ఫలితం పొందిన పిల్లవాడికి ఇచ్చినవారి పేరు తెలియదు. పెద్దలు వేసే ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. పక్కింటి రోగికి ఇవ్వాలంటే ఎవరూ పరుగెత్తనక్కరలేదు, ఆ ముఖమే మనల్ని కదిలిస్తుంది. ముఖం లేని పరిశోధనకు డబ్బు అడగాలంటే ఎవరో ఒకరు తమ ముఖాన్ని అప్పు ఇవ్వాలి. టెర్రీ చేసింది అదే.

143 రోజులు

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి, బడిలో అతనికి ఆట నేర్పిన కోచ్ ఒక పత్రిక తెచ్చి ఇచ్చాడు. అందులో డిక్ ట్రౌమ్ అనే వ్యక్తి గురించి ఉంది. ఒక కాలు లేకపోయినా కృత్రిమ కాలుతో 1976 న్యూయార్కు మారథాన్ పూర్తిచేసిన మనిషి అతను. టెర్రీ మనసులో అదే నాటుకుంది. మారథాన్ అంటే 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఒక్కసారి పరుగెత్తితేనే మామూలు మనిషి వారం రోజులు మెట్లు దిగడానికి తడబడతాడు. టెర్రీ అనుకున్నది ఒక్కసారి కాదు. దేశం తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా రోజుకొక మారథాన్ చొప్పున పరుగెత్తాలని.

సాధనకే ఏడాదికి పైగా పట్టింది. అప్పటి కృత్రిమ కాళ్లు నడకకు చేసినవి, పరుగుకు కాదు. కృత్రిమ కాలిలోని స్ప్రింగ్ మళ్లీ సర్దుకునేలోగా మంచి కాలితో అదనంగా ఒక గెంతు వేయవలసి వచ్చేది. అందుకే అతని పరుగు పాత వీడియోల్లో కుంటుతున్నట్టు, ఎగురుతున్నట్టు కనబడుతుంది. మోడు దగ్గర చర్మం ఒరుసుకొని రక్తం కారేది, బొబ్బలు లేచేవి. 1979లో ప్రిన్స్ జార్జ్ అనే ఊళ్లో 17 మైళ్ల పందెంలో పాల్గొని అందరికన్నా చివర వచ్చాడు. అయినా పూర్తిచేశాడు. ఇంటికి వచ్చాకే తన ఆలోచన గట్టిగా బయటపెట్టాడు.

1979 అక్టోబరులో కెనడా క్యాన్సర్ సొసైటీకి ఉత్తరం రాశాడు. వాళ్లు వెంటనే ఎగిరి గంతేయలేదు. ముందు దాతలను వెతుక్కో, గుండె డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకొని సర్టిఫికెట్ తీసుకురా అన్నారు. పరీక్షలో గుండె కొంత పెద్దదైనట్టు తేలింది. కష్టమైన ఆటలు ఆడేవారిలో ఇది కనబడుతూనే ఉంటుంది. గుండెకు ఏ ఇబ్బంది కలిగినా వెంటనే ఆపేస్తానని మాట ఇచ్చాకే డాక్టర్లు ఒప్పుకున్నారు. ఆ సర్టిఫికెట్ అడిగిన వారిని మేము మెచ్చుకుంటాము.

1980 ఏప్రిల్ 12న న్యూఫౌండ్లాండ్‌లోని సెయింట్ జాన్స్ దగ్గర అట్లాంటిక్ సముద్రంలో కృత్రిమ కాలు ముంచి పరుగు మొదలుపెట్టాడు. వెనక వ్యాన్ నడపడానికి చిన్ననాటి స్నేహితుడు ఒకడే తోడు. మొదటి రోజుల్లో చలిగాలి, వాన, మంచు. చాలా ఊళ్లలో అతనెవరో ఎవరికీ తెలియదు. తెల్లవారకముందే లేచి పరుగు మొదలుపెట్టి, మధ్యలో పడుకొని, మళ్లీ సాయంత్రం దాకా సాగించేవాడు. అంటారియో రాష్ట్రం చేరేసరికి పరిస్థితి మారింది. దారి పొడవునా జనం నిలబడ్డారు. జూలైలో టొరంటో నగరంలో దాదాపు 10,000 మంది ఎదురు వచ్చారు, ఆ ఒక్కరోజే లక్ష డాలర్లు పోగయ్యాయి. తనలాగే ఎముక క్యాన్సర్‌తో కాలు పోగొట్టుకున్న పదేళ్ల బాలుడు ఒకడు సైకిలు మీద అతని వెనకే కొంత దూరం వచ్చాడు. ఆ రోజే తన ప్రయాణంలో గొప్ప రోజు అన్నట్టు టెర్రీ చెప్పుకున్నాడు.

సెప్టెంబరు 1న థండర్ బే పట్టణం చేరువలో దగ్గు, ఛాతీ నొప్పి ఎక్కువయ్యాయి. జనం కేకలు వేసి ఉత్సాహపరుస్తుంటే ఇంకా కొంత దూరం పరుగెత్తి, అప్పుడు వ్యాన్ ఎక్కి, ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు. ఆగిన రోజులు, మంచు కురిసిన రోజులు అన్నీ కలుపుకొని భాగిస్తే రోజుకు 37 కిలోమీటర్ల పైచిలుకు. 1981 జూన్ 28న, 23వ పుట్టినరోజుకు సరిగ్గా నెల ముందు, టెర్రీ చనిపోయాడు.

మనిషికి ఒక డాలరు

టెర్రీ మొదట అనుకున్నది పది లక్షల డాలర్లు. తర్వాత కోటి అన్నాడు. ఆ పైన లెక్క మార్చేశాడు: కెనడాలో ఉన్న ప్రతి మనిషి నుంచీ ఒక్క డాలరు. అప్పటి జనాభా రెండు కోట్ల నలభై లక్షలు. దీనికి ధైర్యం ఇచ్చినది పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న రేవు పట్టణం. సుమారు 10,000 మంది ఉన్న ఆ ఊరు 10,000 డాలర్లకు పైగా పోగుచేసి అతని చేతిలో పెట్టింది.

పరుగు ఆగేనాటికి వచ్చినది 17 లక్షల డాలర్లే. అతను పడిపోయిన వారంలోనే ఒక టెలివిజన్ సంస్థ గంటల తరబడి కార్యక్రమం నడిపి కోటి డాలర్లకు పైగా సేకరించింది. 1981 ఫిబ్రవరికి మొత్తం రెండు కోట్ల నలభై లక్షలు దాటింది. మనిషికి ఒక డాలరు అన్నమాట నెరవేరడం అతను బతికుండగానే చూశాడు. హోటళ్ల యజమాని ఇసడోర్ షార్ప్, అంతకు రెండేళ్ల ముందే తన కుమారుణ్ణి క్యాన్సర్‌కు పోగొట్టుకున్నవాడు, మైలుకు రెండు డాలర్ల చొప్పున తాను ఇస్తానని ప్రకటించి, మిగతా కంపెనీలను కూడా ముందుకు రమ్మని పిలిచాడు. టెర్రీ ఆసుపత్రిలో ఉండగా, ఈ పరుగు ఏటా జరుగుతుందని అతనికి తంతి పంపినవాడూ ఆయనే.

1981 సెప్టెంబరులో జరిగిన మొదటి టెర్రీ ఫాక్స్ పరుగులో మూడు లక్షల మంది పాల్గొన్నారు, 35 లక్షల డాలర్లు వచ్చాయి. అప్పటి నుంచి ఆ పేరు మీద క్యాన్సర్ పరిశోధనకు చేరిన మొత్తం 85 కోట్ల కెనడా డాలర్లు దాటింది. మన దేశంలో చెన్నైలో కూడా ఈ పరుగు నిర్వహించారు. టెర్రీ కోరినట్టే ఇందులో గెలుపు, ఓటమి, బహుమతి ఏవీ లేవు. నడిచినా సరే, చక్రాల కుర్చీలో వచ్చినా సరే. కంపెనీల ప్రకటనలకు చోటు లేదు. బతికుండగా తన పేరుతో సరుకులు అమ్ముకుంటామని వచ్చినవారిని కూడా అతను ఒప్పుకోలేదు.

బోస్టన్ మారథాన్‌లో ఇంకొక ఉదాహరణ ఉంది. సుబ్బారావు గారి బృందం మందును పిల్లలకు ఇచ్చిన ఫార్బర్ పేరుతోనే నేడు అక్కడ డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ ఉంది. 1990 నుంచి ఆ సంస్థ తరఫున ఒక జట్టు ఏటా ఆ మారథాన్‌లో పరుగెత్తి, మొదటి దశ పరిశోధనలకు డబ్బు కూడగడుతోంది. ఇప్పటిదాకా పది కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. ఆ జట్టులోని ఒక్కొక్కరూ బంధువులను, స్నేహితులను, తోటి ఉద్యోగులను స్వయంగా అడిగి తెచ్చిన డబ్బు అది.

ఇంత డబ్బు వచ్చాక ఆస్టియోసార్కోమా జయించబడిందా? ఇక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. జబ్బు ఎముక దాటకముందే చికిత్స మొదలైన పిల్లల్లో నేడు నూటికి అరవై డెబ్బై మంది బతుకుతున్నారు. చాలామందికి కాలు తీసేయకుండా, గడ్డ ఉన్న ఎముకను మాత్రం తీసి లోహపు ఎముక అమరుస్తున్నారు. కాని ఈ అంకె 1980ల తర్వాత పెద్దగా పెరగలేదు. ఊపిరితిత్తులకు పాకాక వచ్చినవారిలో బతికేవారు ఇప్పటికీ తక్కువే. అరుదైన జబ్బు గనుక మందుల కంపెనీలకు దీనిమీద ఆసక్తి తక్కువ. చందాల డబ్బు అవసరం తీరిపోలేదని అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మేము ఒప్పుకోలేని ఒక సంగతి

టెర్రీని గౌరవిస్తూనే ఒక మాట చెప్పాలి. పరుగు సాగిన ఆ నెలల్లో అతను క్రమంగా చేయించుకోవలసిన వైద్య పరీక్షలకు వెళ్లలేదు. వెళ్లమన్నా వినలేదు. పరుగు వల్లనే క్యాన్సర్ తిరగబెట్టిందని కొందరు అంటారు. అది నిజం కాదు. ఎముక క్యాన్సర్ పాకితే మొదట పాకేది ఊపిరితిత్తులకే, అదీ ఎక్కువగా మొదటి రెండు మూడేళ్లలోనే. పరుగెత్తినా, ఇంట్లో కూర్చున్నా అది జరిగేదే కావచ్చు. ముందే తెలిసి ఉంటే అతను బతికేవాడా అన్నది ఎవరూ చెప్పలేరు. కాని ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవలసిన రోజుల్లో తీయించుకోకపోవడాన్ని ధైర్యమని మేము అనలేము.

చికిత్స ముగిసి "నాకు తగ్గిపోయింది" అని ఇంటికి వెళ్లిన ప్రతి రోగికీ ఇది వర్తిస్తుంది. మళ్లీ రమ్మన్న తేదీ మందులాంటిదే. పెళ్లి ఉంది, నాట్లు ఉన్నాయి, పరీక్షలు ఉన్నాయి అని దాన్ని వాయిదా వేయకండి.

మీరు పరుగెత్తాలనుకుంటే

మంచి పనికోసం పరుగెత్తుతున్నాం గదా, ఏమీ కాదులే అనుకునేవారున్నారు. గుండెకూ, మూత్రపిండాలకూ ఆ తేడా తెలియదు. ఇంతవరకు పరుగు అలవాటు లేనివారు పూర్తి మారథాన్‌కు కనీసం ఆరు నెలలు సిద్ధపడాలి, మొదటి ఏడాది 5 లేదా 10 కిలోమీటర్లతో తృప్తిపడితే ఇంకా మేలు. నలభై దాటినవారు, షుగర్, బి.పి. ఉన్నవారు, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో చనిపోయినవారు ముందుగా డాక్టరుకు చూపించుకోవాలి. మెట్లెక్కితే ఛాతీలో పట్టినట్టుండటం, పరుగులో కళ్లు తిరిగి పడటం ఉన్నవారు పరీక్ష చేయించుకునేదాకా పరుగెత్తనే కూడదు.

క్యాన్సర్ తగ్గినవారు పరుగెత్తవచ్చా అని కొందరు అడుగుతారు. నడక అయితే చికిత్స జరుగుతున్నప్పుడు కూడా మంచిదే. నీరసాన్ని అది తగ్గిస్తుంది, మనసుకూ హాయి. పరుగు మాత్రం మీ డాక్టరును అడిగాకే. ఎముకలకు జబ్బు పాకినవారికి ఎముక విరిగే ప్రమాదం ఉంది. పైన చెప్పిన అడ్రియామైసిన్ గుండె కండరాన్ని బలహీనపరచగలదు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత. ఆ మందు వాడినవారు ముందు గుండె స్కానింగ్, అంటే ఎకో, చేయించుకోవాలి.

నీళ్ల సంగతిలో రెండు వైపులా పొరపాటు జరుగుతుంది. మన కోస్తా జిల్లాల ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అందుచేత నీళ్లు తాగక వడదెబ్బ తగిలేవారు ఉన్నారు. అలాగని ప్రతి మలుపులో గ్లాసుల కొద్దీ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడి, తలనొప్పి, వాంతులు, మూర్ఛ రావచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో పరుగు ముగించినవారిలో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే నూటికి 13 మందికి సోడియం తక్కువగా ఉంది. దాహాన్ని బట్టి తాగండి. రెండు గంటలకు మించిన పరుగైతే ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. మంచివి. నొప్పి తెలియకుండా మాత్ర వేసుకొని పరుగెత్తడం మాత్రం వద్దు, నీరు తగ్గిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. తోటివాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ కనబడితే అది అలసట కాదు. నీడకు చేర్చి, ఒంటినిండా చల్లటి నీళ్లు పోసి, గాలి విసురుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

పోగైన డబ్బు

కొన్ని ఊళ్లలో ఇలాంటి పరుగు జరిగాక లెక్క చూస్తే వేదిక, ఫ్లెక్సీలు, బనియన్లు, ముఖ్య అతిథికి శాలువా, పూలదండ పోను మిగిలేది కొంచెమే. మూడు గంటల సభకోసం అరగంట పరుగు పెట్టినట్టు ఉంటుంది. శాలువాలు మానేద్దాం. టెర్రీకి వెనక ఒక వ్యాన్, ఒక స్నేహితుడు, చిల్లర వేయడానికి డబ్బాలు ఉన్నాయి.

చందా అడిగే ముందే డబ్బు దేనికో ఒక్క వాక్యంలో రాసుకోండి. "క్యాన్సర్ రోగులకు" అంటే చాలదు. పరిశోధనకా, చికిత్సకా, ఫలానా ఆసుపత్రికా? పరిశోధనకు అయితే ఆ పని చేస్తున్న సంస్థకు నేరుగా చెక్కు వెళ్లాలి. స్థానికంగా ఖర్చుపెట్టాలనుకుంటే మా సలహా ఒకటుంది. ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పేద కుటుంబాలకు క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద చాలావరకు ఉచితంగా జరుగుతున్నాయి. అయినా చికిత్స మధ్యలో ఆపేసేవారున్నారు. ఎందుకంటే పథకం మందుకు వస్తుంది, బస్సు చార్జీకి రాదు. ఎముక క్యాన్సర్ ఉన్న పిల్లవాణ్ణి నెలల తరబడి, రెండు మూడు వారాలకొకసారి హైదరాబాదుకో విశాఖపట్నానికో తీసుకెళ్లాలి. తల్లి వెంట ఉండాలి, తండ్రి కూలి పోతుంది, ఆసుపత్రి ఎదుట గది అద్దెకు తీసుకోవాలి, ఇద్దరు మనుషులు తినాలి. మూడో విడత దాకా అప్పు చేసి తెస్తారు. నాలుగో విడతకు పిల్లవాడు కులాసాగానే కనబడతాడు, ఇక చాలులే అనుకుంటారు. సగంలో ఆపిన చికిత్స తర్వాత తిరగబెట్టిన జబ్బు మందుకు లొంగడం కష్టం.

అందుచేత ఒక ఊరి యువజనులు 5 కిలోమీటర్లు నడిచి, ఒకే ఒక్క పిల్లవాడి దారిఖర్చులు, గది అద్దె చివరి విడత దాకా భరించగలిగితే అది చిన్న పనేమీ కాదు. ఎంత వచ్చిందో, ఎవరు ఇచ్చారో, ఎంత ఖర్చయిందో రాసిన కాగితం పరుగు ముగిసిన నెలలోపు అందరికీ కనబడే చోట అంటించండి. రోగి పేరు, ఫోటో మాత్రం ఆ కాగితం మీద వద్దు. చందా ఇచ్చిన ప్రతివారికీ రసీదు ఇవ్వండి, పది రూపాయలు ఇచ్చిన స్కూలు పిల్లవాడికి కూడా.